బాబు మెదడుకి నేను డూప్

మన సినిమా పనివాళ్ల సంఘం ప్రత్యేక సంచికలో మేకప్ వాళ్లకి నాలుగు పేజీలు ఇచ్చారు. నాకు మాత్రం ఫోన్ చేసి, "మాస్టారూ, మీ అనుభవం ఏదైనా ఒక పేజీలో సర్దేయండి" అన్నారు. ఆ ఫోన్ చేసినవాడి తండ్రికి పెళ్లిచూపుల కోసం మొదటి విగ్గు కట్టింది నేనే. సర్దను. ఎంత వస్తే అంత రాస్తాను. కోసేవాళ్లు కొయ్యండి. ఎవరు కోశారో నాకు గుర్తుంటుంది.

ఈ విగ్గుల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చదువుతారన్నారు కాబట్టి వాళ్లకి ముందే ఒక మాట. మనం బాగా పనిచేస్తే మనం పనిచేసినట్టే ఎవరికీ తెలియదు. కెమెరా బాగుంటే కెమెరామన్‌ని మెచ్చుకుంటారు. చీర బాగుంటే కుట్టినవాళ్లని అడుగుతారు. విగ్గు బాగుంటే మాత్రం "ఈ వయసులో కూడా ఆయన జుట్టు చూడు" అంటారు. ఆ జుట్టు కొండ మీద మొక్కు తీర్చుకున్నవాళ్లది. దాన్ని సన్నటి కొక్కెంతో ఒక్కో వెంట్రుకా వలలాంటి జాలీకి ముడివేసింది మనం. పొగడ్త మాత్రం కింద ఉన్న బట్టతలకి.

నేను చివరిదాకా పనిచేసిన హీరోని అందరూ బాబు అంటారు. మనవళ్లని ఎత్తుకుని వచ్చినా బాబే. ఆయన పేరు రాయను. పోల్చుకోవాలని చూడకండి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఎన్ని తలల మీద సొంత జుట్టు ఉందో నాకు తెలుసు, చెప్పను. నా పేరు కూడా రాయడం లేదు. నా పేరు ఎక్కడా పడే అలవాటు లేదు.

అదే నా బాధ. బాబు సినిమాలన్నిటికీ విగ్గు నాదే, ఒక్కదానిలోనూ టైటిల్ కార్డు లేదు. మొదట్లోనే ప్రొడక్షన్ మేనేజర్ తేల్చేశాడు. "మాస్టర్, విగ్గులు ఫలానా అని ఏస్తే, ఎవరి విగ్గని జనం అడగరా?" కేశాలంకరణ అని వేయండి అన్నాను. "అది ఇంకా డేంజర్" అన్నాడు. జనరేటర్ వ్యాను ఆయనకి కార్డు పడింది. వంటవాళ్లకి పడింది. ఒక సినిమాలో ఏనుగుకి పడింది, దాని పేరుతో సహా. ఆ ఏనుగు మీద కూర్చున్న మనిషి నెత్తిన ఉన్నది నా చేతిపని.

వంద రోజుల ఫంక్షన్‌లో అందరినీ పిలిచి షీల్డులు ఇస్తుంటే, నన్ను పిలవడానికి వాళ్లకి మాట దొరకలేదు. ఏ పని చేసినందుకని చెప్తారు? అదే రోజు యూనిట్ మొత్తం గ్రూప్ ఫోటోకి నిలబడితే, వెనక వరుసలో ఉన్న నన్ను మేనేజర్ ముందుకి పిలిచాడు. ఎదురుచూసిన గౌరవం వచ్చిందనుకుని వెళ్లాను. నా చేతిలో కెమెరా పెట్టి, "మాస్టర్, మీరు జర ఫోటో తీయుండ్రి" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఆయన ఆఫీసులో గోడకుంది. బాగా వచ్చింది.

మా రహమత్ నగర్ చర్చిలో పాస్టరుగారు క్షమాపణ గురించి ప్రసంగించినప్పుడల్లా నేను శ్రద్ధగా విన్నాను. ఆ మాటలు బాబు వినాల్సినవని ప్రతిసారీ అనిపించింది.

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి ముందు బాబుతో చేసిన ఆఖరి సినిమా అప్పటిది. మాదాపూర్ వైపు ఒక కంపెనీ వాళ్లు తలకి కట్టుకునే పట్టీ ఒకటి తయారుచేశారు. చూడటానికి టెన్నిస్ ఆటగాళ్లు కట్టుకునే పట్టీలాగే ఉంటుంది. లోపలివైపు నుదుటికీ చెవుల వెనకా తగిలేటట్టు చిన్న చిన్న లోహపు బిళ్లలుంటాయి. మెదడులో సన్నటి కరెంటు పుడుతూ ఉంటుందట, ఈ బిళ్లలు దాన్ని చర్మం మీంచే పట్టుకుంటాయట. మనసు ఒక విషయం మీద గట్టిగా నిలిస్తే ట్యాబ్‌లో ఒక పచ్చ గీత పైకి లేస్తుంది. ఒక హద్దు దాటిందంటే లైటో, ఫ్యానో, గంటో దానంతట అదే పనిచేస్తుంది. చేయి కదపక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. పక్షవాతం వచ్చి మంచానికి అతుక్కుపోయిన ఒక పెద్దాయన దీంతో గంట మోగించి కూతుర్ని పిలుచుకునే వీడియో చూపించారు. ఆ వీడియో అబద్ధం కాదు. గంట మోగగానే ఆయన మొహంలో కనిపించింది ఏ నటుడికీ రాదు. నటులని దగ్గర్నుంచి చూసినవాణ్ణి, నాకు తెలుసు.

ఆ పట్టీ అమ్మడానికి కంపెనీకి ఒక హీరో కావాలి. బాబు కొత్త సినిమా నిర్మాత ఆ కంపెనీలో భాగస్థుడు. పట్టీ విడుదల, సినిమా ప్రారంభం ఒకే రోజు, ఒకే వేదిక మీద అని నిర్ణయించారు. ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రివ్యూ హాలు. జ్యోతి ప్రజ్వలనకి అగ్గిపెట్టె ఉండదు, కొవ్వొత్తి ఉండదు. ఇత్తడి కుందిలో వత్తుల చోట కరెంటు బల్బులు పెట్టారు. బాబు పట్టీ కట్టుకుని మనసు లగ్నం చేస్తే దీపం వెలగాలి. ఫైనాన్స్ ఇచ్చేవాళ్లు ముందు వరుసలో ఉంటారు. మన ఇండస్ట్రీలో కొబ్బరికాయ కుళ్లితేనే సినిమా ఆగిపోతుంది, ఇక దీపం వెలగకపోతే చెప్పాలా?

పట్టీ తెచ్చిన అమ్మాయి ఇంజినీరు, కరీంనగర్ పిల్ల. కారవాన్‌లోకి వచ్చి బాబుకి నమస్కారం చేసి పట్టీ కట్టింది. ట్యాబ్ చూసింది. పట్టీ కాస్త సర్ది మళ్లీ చూసింది.

"సార్, సిగ్నల్ వస్తలేదు."

తలుపు దగ్గరున్న మేనేజర్ గతుక్కుమన్నాడు. "ఏందమ్మా, బాబు బుర్రల సిగ్నల్ లేదంటవా?"

"అట్ల కాదు సార్. బిళ్లలు చర్మానికి తగుల్తలేవు. మధ్యల ఏదో అడ్డమున్నది."

బాబూ, నేనూ, మేనేజరూ ముగ్గురం మూడు దిక్కులు చూశాం. ఆ నుదుటి చర్మం గాలి మొహం చూసి చాలా కాలమైంది. పైన మేకప్పు పూత. దాని కింద గమ్ముతో అంటించిన విగ్గు జాలీ. కుర్రవాడిగా కనిపించాలని జుట్టు నుదుటి మీదకి బాగా దించి కట్టించుకునేవాడు. కణతల దగ్గర ముడతల్ని వెనక్కి లాగి పట్టుకునే టేపులు. చెవుల వెనకా ఇదే సంబరం. ఆ తలలోంచి బయటికి ఏ కరెంటైనా రావాలంటే ముందు నా అనుమతి తీసుకోవాలి.

"బాబుకి చెమట ఎక్కువమ్మా, అందుకే" అన్నాను.

"చెమట ఉంటే ఇంకా మంచిగొస్తది అంకుల్."

బాబు తేలిగ్గా నవ్వాడు. "నా మనసులో ఏముందో మా ఆవిడే కనుక్కోలేకపోయింది. నీ మిషన్ వల్ల ఏమవుతుందిలే అమ్మా."

ఆ అమ్మాయి కూడా నవ్వింది గానీ, కారవాన్ దిగాక నా వెనకే వచ్చింది. నేను విగ్గుల పెట్టె మూస్తున్నాను.

"అంకుల్, ఆ జాలీ మీరే కట్టిండ్రా?"

"ఏ జాలీ?"

"నేను ఎవ్వరికి చెప్ప. నాక్కూడ కంటికి కనిపియ్యలే. మిషన్ చెప్పబట్టి తెలిసింది. ఇంత దగ్గర నుంచి చూసినా తెల్వకుంట ఎట్ల కట్టిండ్రు అంకుల్?"

నా సర్వీసులో విగ్గు బాగుందని నా మొహం మీద చెప్పిన మొదటి మనిషి ఆ అమ్మాయి. దానికి ఒక మిషన్ మొరాయించవలసి వచ్చింది. నేనేమన్నాను? "నీకెందుకమ్మా, నీ పని చూసుకో" అన్నాను. పొగడ్త అలవాటు లేని నోటికి అదే వస్తుంది.

వేదిక మీద బాబు విగ్గు తీయడు. విగ్గు ఉంటే దీపం వెలగదు. మూడో దారి ఉందని మేనేజర్‌కి వెంటనే తట్టింది. మన సినిమా వీధిలో పుట్టిన ఎవరికైనా తడుతుంది.

"డూప్ పెడదాం" అన్నాడు.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మేనేజర్ ఓపిగ్గా చెప్పాడు. "చూడమ్మా, బాబు దుంకితే దుంకేది ఇంకొకడు. బాబు పాడితే పాడేది ఇంకొకడు. దూరం షాట్ల గుర్రమెక్కేది ఇంకొకడు. మెదడొక్కటే ఏం పాపం చేసింది? తెర ఎనక ఎవడో ఒకడు నీ పట్టీ కట్టుకుని కూసుంటడు. బాబు ఉత్త పట్టీ కట్టుకుని ముందట నిలబడి ఎక్స్‌ప్రెషన్ ఇస్తడు."

"అది మోసం గదా సార్."

"మోసం కాదమ్మా, సినిమా."

ఆ అమ్మాయి ఒక్కటే షరతు పెట్టింది. ఫంక్షన్ అయ్యాక వచ్చినవాళ్లందరికీ పట్టీ ఇస్తుంది, ఎవరి తలతో వాళ్లే చూసుకోవాలి. మిషన్ నిజమైనదని అక్కడ తేలాలి. మేనేజర్ సరేనన్నాడు. ఆయన దేనికైనా ముందు సరే అంటాడు.

తలల పరీక్ష మొదలైంది. ఫైట్లలో బాబుకి డూప్‌గా చేసే కుర్రవాణ్ణి కూర్చోబెట్టారు. రెండో అంతస్తు నుంచి దూకేవాడు, కుర్చీలో ఒక్క చోట కూర్చుని ఆలోచించమనేసరికి భయపడిపోయాడు. గీత లేవలేదు. డైలాగులు అందించే అసోసియేట్ డైరెక్టర్‌కి కట్టారు. గీత లేచేది, ఫోన్ మోగినా మోగకపోయినా పడిపోయేది. మేనేజర్ తానే కట్టుకున్నాడు. ఆయన మనసు ఒకే సమయంలో ఎన్ని చోట్ల ఉంటుందో ట్యాబ్ చూస్తే తెలిసింది.

నేను ఒక కుర్చీలో కూర్చుని విగ్గు దువ్వుకుంటున్నాను. మేనేజర్ వచ్చి, "మాస్టర్, జర లేవుండ్రి, బాబు గెస్టులొస్తున్నరు, కుర్సీలు తక్కువున్నయ్" అన్నాడు. లేచాను. అప్పుడే ఆయన చూపు నా తల మీద పడింది. ఊరందరికీ జుట్టు కట్టిన నాకు ఒక్క వెంట్రుక లేదు. గుండు నున్నగా, శుభ్రంగా, బిళ్లలకి ఏ అడ్డమూ లేకుండా ఉంది.

"ఈయనకి కట్టమ్మా."

కట్టింది. గీత ఆకాశానికి లేచింది. కుందిలో దీపం భగ్గుమంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం అనుమానంగా నా దగ్గరికి వంగింది. "అంకుల్, దవడ బిగవట్టిండ్రా? నొసలు ముడిచిండ్రా? అది మెదడు కాదు, కండరం. అట్లయితే లెక్కకు రాదు. మొహం కదలొద్దు, మనసొక్కటే పనిచెయ్యాలె."

నా మొహం కదల్లేదు. మొహం కదలకుండా లోపల మండిపోవడం తప్ప ఫిల్మ్ నగర్‌లో నేను ఇన్నేళ్లూ చేసిందేమిటి?

"ఏం ఆలోచించిండ్రు?" అని అడిగింది మెల్లగా.

"కుర్చీ" అన్నాను.

కాసేపటికి అది కోపమని చెప్పేశాను. గ్రూప్ ఫోటో తలుచుకున్నాను, షీల్డు తలుచుకున్నాను, ఏనుగుని తలుచుకున్నాను. ఒక్కోదానికీ దీపం తగ్గకుండా వెలిగింది. అమ్మాయికి నవ్వాగలేదు. "అది కోపమా, ప్రేమనా మిషన్‌కి తెల్వదు అంకుల్. మనసు ఒక్కదాని మీద గట్టిగ నిలవడితే చాలు. మీకంత గట్టిగ నిలవడెటోళ్లని నేను ఇంతవరకు చూడలే. ఇదే పట్టుకుని ఉండుండ్రి."

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. "మీ బుద్ధికి ఇన్నాళ్లకి ఒక ఉపయోగం దొరికిందండీ" అంది. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

ఫంక్షన్ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. బయట కార్లు రోడ్డు దాకా ఆగిపోయాయి. వేదిక వెనక నల్ల తెర చాటున నాకొక స్టూలు వేశారు. కుర్చీ కాదు, స్టూలు. సంతోషించాను, పనికొస్తుందని. పక్కనే ఆ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని నేల మీద కూర్చుంది. తెర సందులోంచి కుంది కనిపిస్తోంది.

అప్పుడు బాబు వచ్చాడు. విగ్గు కారవాన్‌లోనే పెట్టేశాను. ఇప్పుడు వేదిక ఎక్కబోతూ ఆగి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మాస్టారూ, ఈ సినిమాలో మీ కార్డు వేయిస్తున్నాను. డైరెక్టర్‌కి చెప్పేశాను. మీ పేరు తెర మీద పడుతుంది."

అన్నేళ్లూ నువ్వు అన్న మనిషి, మీరు అన్నాడు. అని, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

సంతోషం పట్టలేకపోయాను. తెర మీద నా పేరు, మా ఆవిడ పక్కన కూర్చుని చూడటం, చర్చి నుంచి వచ్చినవాళ్లు "మన అంకులే" అనడం, అన్నీ కళ్ల ముందు కదిలాయి. అవతల యాంకరమ్మ మైకులో అంటోంది. "ఇప్పుడు మన బాబుగారు కేవలం తన మనశ్శక్తితో జ్యోతి వెలిగించబోతున్నారు."

మేళం ఆగింది. బాబు కుంది ముందు నిలబడి, కళ్లు అరమూసి, గడ్డం కొంచెం ఎత్తాడు. ఎక్స్‌ప్రెషన్ బ్రహ్మాండంగా ఉంది. దీపం మాత్రం లేదు.

"అంకుల్" అంది అమ్మాయి.

గ్రూప్ ఫోటో తలుచుకున్నాను. పాపం అందరూ ఎంత చక్కగా నిలబడ్డారో, నేను తీయబట్టే కదా బాగా వచ్చిందనిపించింది. షీల్డు తలుచుకున్నాను. ఇంట్లో పెట్టడానికి చోటు కూడా లేదులే అనిపించింది. ఏనుగు తలుచుకున్నాను. మూగజీవం, దానికైనా పేరు పడనీ అనిపించింది.

"అంకుల్, గీత పడిపోతున్నది. ఏమైంది?"

"అమ్మా, నాకు కోపం రావడం లేదు."

హాలులో దగ్గులు మొదలయ్యాయి. మేనేజర్ తెర చాటుకి పరిగెత్తుకొచ్చాడు. విషయం విని తల పట్టుకుని, నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. "ఏం మాస్టర్, ఉన్న ఒక్క పని చేయరాదా? ముసలోనివైనవ్. పనికిరాకుంట పోయినవ్."

"వయసు వచ్చింది కదండీ మరి" అన్నాను. నిజంగానే ఆయన మీద జాలేసింది. ఎంత కంగారు పడుతున్నాడో.

"గా స్టూలు కూడ దండగ నీకు."

"ఇది చాలా సుఖంగా ఉందండీ."

మేనేజర్ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వన్న తిట్టమ్మా." అమ్మాయి పాపం ప్రయత్నించింది. "అంకుల్, మీ... మీ జాలీ మంచిగ లేదు" అంది. అనేసి తనే తల దించుకుంది. అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల. నాకు ఇంకా ముద్దొచ్చింది. గీత నేలకి అంటుకుంది.

తెర సందులోంచి చూశాను. ముందు వరుసలో ఫైనాన్స్ ఇచ్చే పెద్దమనిషి ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ కుంది వైపు చూశారు. సినిమా అక్కడికక్కడే ఆగిపోయేటట్టుంది. సినిమా ఆగితే నా కార్డూ ఆగినట్టే. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. తెలిసి భయపడుతున్నాను గానీ, భయానికి మనసు నిలవడం లేదు, చెదిరిపోతోంది. కావలసింది కోపం. అది నాలో బొత్తిగా లేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, ఆ ఒక్క సాయంత్రమే నేను మంచివాణ్ణయ్యాను.

యాంకరమ్మ తెలివైనది. ఖాళీ నింపడానికి బాబు దగ్గరికి వెళ్లింది. "బాబుగారూ, మీరు ఏకాగ్రత కుదుర్చుకునే లోపల, మా లేడీస్ అందరి తరఫునా ఒక ప్రశ్న. ఇన్నేళ్లయినా అదే జుట్టు. దాని రహస్యం ఏంటండీ?"

బాబు కళ్లు తెరిచాడు. మైకు తీసుకున్నాడు. నేను కూర్చున్న నల్ల తెర వైపు ఒకసారి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"రహస్యమేముందమ్మా. చిన్నప్పటి నుంచి మా అమ్మ పెట్టిన కొబ్బరినూనె. దేవుడిచ్చిన జుట్టు. ఈ రోజు వరకూ ఇంకో మనిషి చెయ్యి దీని మీద పడనివ్వలేదు."

దీపం భగ్గున వెలిగింది.

హాలు లేచి నిలబడింది. మేళం అందుకుంది. పక్కన అమ్మాయి గీత చూసి, "అయ్యో, ట్యాబ్ దాటి పోయేటట్టున్నది" అంది. నాకేమీ వినబడటం లేదు. ఇంకో మనిషి చెయ్యి పడనివ్వలేదట! ఆ జుట్టు కట్టిన చేతులు తెర వెనక ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాను. వాళ్లమ్మ కొబ్బరినూనె అట. వాళ్లమ్మ గారు పోయినప్పుడు కూడా, చితి దగ్గర బాబు జుట్టు కదలకుండా గమ్ము రాసింది నేను.

దీపం వెలిగి నమస్కారం అయ్యాక ఆరిపోవాలి, అదీ కార్యక్రమం. ఆరలేదు. నిర్మాత మాట్లాడినంతసేపూ వెలిగింది. కంపెనీ ఆయన మాట్లాడినంతసేపూ వెలిగింది. "ఎంత మనోబలం! ఇంకా నిలబెట్టి ఉంచారు!" అని యాంకరమ్మ మురిసిపోయింది. అమ్మాయి నా మోకాలు తట్టింది. "అంకుల్, ఇంక చాలు, వదిలెయ్యుండ్రి." వదలడం నాకు వస్తే ఈ ఉద్యోగం నాకిచ్చేవాళ్లే కాదు. చివరికి మేనేజర్ వంగి వంగి వెళ్లి ప్లగ్గు పీకాడు.

తర్వాత అమ్మాయి మాట ప్రకారం వచ్చినవాళ్లకి పట్టీలు కట్టి చూపించింది. చాలామందికి చిన్నదో పెద్దదో గీత లేచింది. ఫైనాన్స్ పెద్దమనిషికి దీపం చక్కగా వెలిగింది. ఆయన ఎవర్ని తలుచుకున్నాడో అడగలేదు.

కారవాన్‌లో విగ్గు తీసే వేళ అయింది. దూదిని స్పిరిట్‌లో ముంచి, నుదుటి అంచు నుంచి మెల్లగా గమ్ము కరిగించాలి. ఆ సమయంలో బాబు కదలకూడదు, నేను మాట్లాడకూడదు. మా ఇద్దరి స్నేహమంతా అలాగే గడిచింది. ఆ రోజు ముందు ఆయనే నోరు విప్పాడు, కళ్లు మూసుకునే.

"ఏమోయ్, వెలిగిందా?"

మీరు పోయి మళ్లీ ఏమోయ్ వచ్చింది. దూది మళ్లీ స్పిరిట్‌లో ముంచాను.

"తప్పు నాదేనయ్యా. కార్డు సంగతి ముందు చెప్పకుండా ఉండాల్సింది. పైకెక్కి చూస్తే కుంది చల్లగా ఉంది. వీడు సంతోషంగా ఉన్నాడురా దేవుడా, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆ యాంకరమ్మ జుట్టు గురించి అడగబట్టి బతికిపోయాను."

నా చెయ్యి ఆగిపోయింది. "కావాలనే అన్నారా బాబూ?"

"ఇన్నేళ్లుగా నా తల నీ చేతుల్లో ఉంది. నీ తలలో ఏముందో నాకు తెలియదా?"

దూది మార్చాను. టేపులు తీశాను. విగ్గు లేచి వచ్చింది. దాన్ని బల్ల మీద స్టాండుకి తొడిగాను. అద్దంలో రెండు గుండ్లు పక్కపక్కన కనిపించాయి. ఒక దాని మీద గమ్ము మరకలు, ఇంకో దాని మీద పట్టీ ముద్ర. బాబు అద్దంలో నన్ను చూశాడు.

"మరి ఏం చేద్దాం? కార్డు వేయించమంటావా, నీ కోపం నీకుండనివ్వమంటావా?"

"రెండూ కావాలి" అన్నాను.

బాబు చాలాసేపు నవ్వాడు. నేను నవ్వలేదు. కొబ్బరినూనె మాట అప్పటికింకా చల్లారలేదు. ఇప్పటికీ లేదు.

ఆ సినిమా పూర్తయ్యాక నేను రిటైరయ్యాను. విడుదల రోజు మా ఆవిడతో కలిసి మ్యాట్నీకి వెళ్లాను. మొదటి కార్డుల్లో నా పేరు లేదు. కథ ఏమైందో నాకు తెలియదు, చివరి దాకా కూర్చున్నాను. అయిపోయింది. పేర్లు కింది నుంచి పైకి పాకుతున్నాయి. లైట్లు వేసేశారు, తలుపులు తీసేశారు, జనం లేచారు. లైట్ల వాళ్లు వెళ్లారు, వంటవాళ్లు వెళ్లారు, ఈసారి గుర్రాలు వెళ్లాయి. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వచ్చిందండీ, అదిగో" అంది.

సరిగ్గా అప్పుడే మా ముందు వరుసలో ఒక మనిషి లేచి నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు. ఒత్తుగా, నల్లగా, నొక్కు నొక్కులుగా జుట్టు. తెర మీద పేరున్న చోటంతా ఆ జుట్టే. ఆయన దువ్వెన తీసి వెనక్కి ఒకసారి దువ్వుకుని పక్కకి జరిగేసరికి, తెర మీద క్యాంటీన్ వాళ్లు వచ్చేశారు.

మళ్లీ వెళ్లి చూడమని మా ఆవిడ, టికెట్లు పంపిస్తానని బాబు ఫోన్లో, ఇద్దరూ అన్నారు. వెళ్లను. తెర మీద పేరు దానంతట అది కనబడాలి గానీ, మళ్లీ మళ్లీ పోయి వెతుక్కుంటారా? తర్వాత సినిమా ఇంట్లో టీవీలోకి వచ్చింది. పేర్లు మొదలవగానే బొమ్మ చిన్న పెట్టెలా ముడుచుకుపోయి, ఇంకో సినిమా చూడమని అడిగింది. మా అమ్మాయి రిమోట్ వెతికే లోపల ఆ ఇంకో సినిమా మొదలైపోయింది. ఆగి వెనక్కి తిప్పుతానంది. వద్దన్నాను.

ఆ ఇంజినీరు పిల్ల ఇప్పుడు సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకుంది, మంచాన పడ్డవాళ్ల కోసమే పట్టీలు చేస్తోంది. నాకొకటి ఇచ్చింది. మోకాళ్ల నొప్పులతో పదే పదే లేవలేక మంచం పక్కన దీపానికి అదే వాడుతున్నాను. కట్టుకున్న మరుక్షణం వెలుగుతుంది. మా ఇంటికొచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. మా ఆవిడ మాత్రం ఆశ్చర్యపోదు.

నిన్న సాయంత్రం దీపం మామూలు కంటే ఎక్కువగా వెలిగింది. మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. "ఇంకా ఎవరి మీదండీ? కార్డు పడింది కదా. బాబు నిజం చెప్పేశాడు కదా. మేనేజర్ ఇంటికొచ్చి మరీ శాలువా కప్పాడు కదా."

"ఆ దువ్వెనవాడి మీద" అన్నాను.